అడవిదారిలో రివాల్వర్ – నా అనుభవం, కొన్ని జాగ్రత్తలు

(శ్రీరాంపూర్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రివాల్వర్ గురించి మాట్లాడతానంటే, ఈ వయసులో మనకెందుకండీ అని కొందరు మిత్రులు నవ్వారు. ఇంట్లో పాత లైసెన్సు ఆయుధం ఉన్నవారు మనలో ఒకరిద్దరైనా ఉండవచ్చు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

డెబ్భయ్యో దశకంలో బొగ్గు అన్వేషణ పనిమీద గోదావరి అవతల అడవుల్లో డ్రిల్లింగ్ క్యాంపుల్లో ఉండేవాణ్ణి. నా సొంత లైసెన్సు మీద ఒక పాత రివాల్వర్ ఉండేది. క్యాంపులో సైన్యం నుంచి వచ్చిన కాపలాదారు ఒకాయన దాన్ని చూసి, "ఆరు పెట్టకుండ్రి సార్, అయిదే పెట్టుండ్రి. హామర్ కింద గది ఖాళీగ ఉండాలె" అన్నాడు. కారణం కూడా చెప్పాడు. కొన్ని పాత రివాల్వర్లలో హామర్‌ను అడ్డుకునే ఏర్పాటు ఉండదు. వెనుక నుంచి గట్టి దెబ్బ తగిలితే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు.

ఒక వానాకాలం ఉదయం వాగు దాటుతున్నాం. తోలు ఒర తడిసిందని దాన్ని క్యాంపులో ఆరబెట్టి, రివాల్వర్‌ను నడుముకు చెక్కుకున్నాను. అది నేను చేసిన తప్పు. పాకుడురాయి మీద కాలు జారింది. రివాల్వర్ బండమీద, సరిగ్గా హామర్ తగిలేలా పడింది. ఠక్కుమని చప్పుడు, అంతే. గొట్టం మాత్రం నా వెనుక కోర్ పెట్టె మోసుకొస్తున్న కూలీవైపు తిరిగి ఉంది. అతనికి పెళ్ళయి ఆరు నెలలు కాలేదు. ఆ కాపలాదారు మాట వినకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

ఆనాటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే, మూత బిగించే ఒర లేకుండా బయలుదేరేవాణ్ణి కాదు. గుడారం చేరగానే గొట్టం నేలవైపు ఉంచి, తూటాలు తీసి, లెక్కపెట్టి, వేరే పెట్టెలో తాళం వేసేవాణ్ణి. దిండు కింద ఎన్నడూ పెట్టుకోలేదు. గొట్టంలోకి బురద పోయిందనుకుంటే, తూటాలు తీసి శుభ్రం చేసేదాకా పేల్చకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది గనుక రాత్రి ఒరలో వదిలితే తుప్పు పడుతుంది. తుడిచి, పలుచగా నూనె రాసి విడిగా ఉంచాలి.

రివాల్వర్ ఉంటే ఎలుగుబంటి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. పొదలోంచి మీదికొచ్చే ఎలుగు గురి చూసే వ్యవధి ఇవ్వదు. గాయపడితే మరింత ప్రమాదం. ఇప్పపూలు రాలే వేసవి తెల్లవారుజాముల్లో అవి చెట్ల కిందికి వస్తాయి. ఆ వేళ గుంపుగా, మాట్లాడుకుంటూ, చేతిలో కర్రతో నడవడమే మేలు. చీకట్లో అలికిడి విని పేలిస్తే, అక్కడ ఉన్నది మనిషే కావచ్చు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళరాదు. మనకు దగ్గరలోని కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. లైసెన్సు జేబులో ఉంది కదా అని అక్కడికి ఆయుధం పట్టుకుపోతే నేరమే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. పెళ్ళిళ్ళలో సంబరానికి ఇతరులకు ప్రమాదం కలిగేలా కాల్చినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు డెబ్భై నిండిన ఏడు చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు మా మనవడు బీరువాలోంచి ఖాళీ ఒర తీసి నడుముకు కట్టుకొని, "తాతా, ఇందులోది ఏదీ?" అని అడిగాడు. నాకు గుండె ఝల్లుమంది. మర్నాడే రివాల్వర్‌నూ, తూటాలనూ లెక్కతో సహా పోలీసు స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకొని, లైసెన్సు రద్దుకు దరఖాస్తు పెట్టాను.

ఇంట్లో ఆయుధం ఉన్నవారు గడువు తేదీ చూసుకోండి. అవసరం తీరినట్లయితే ఆలస్యం చేయకుండా అప్పగించండి. ఒకవేళ లైసెన్సుదారు కాలం చేస్తే, ఆ ఆయుధం ఇంట్లో ఉంచుకునే హక్కు భార్యకుగాని, బిడ్డలకుగాని దానంతటదే రాదు. దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు వద్దనో వెంటనే జమ చేయాలి. ఈ మాట పెన్షన్ కాగితాలతోపాటు ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే చెప్పిపెట్టండి. మనం పోయాక వాళ్ళు స్టేషన్ల చుట్టూ తిరగకూడదు.