సముద్రం ఒడ్డున ఇల్లాలికీ సెలవు



పిల్లలకు బడి సెలవులిస్తుంది. ఉద్యోగస్తులకు ఆఫీసు సెలవులిస్తుంది. పంట కోశాక పొలానికి కూడా కొన్నాళ్ళు విశ్రాంతి దొరుకుతుంది. ఇంట్లో పొయ్యికి మాత్రం సెలవు లేదు. దాని ముందు నిలబడే మనకీ లేదు. ఈ మాట నిష్ఠూరానికి అనడం లేదు. జాతీయ గణాంక కార్యాలయం వారు 2024లో జనం రోజంతా ఎలా గడుపుతున్నారో దేశమంతటా లెక్క తీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. పండగనాడు ఈ లెక్క తగ్గుతుందంటారా? మన ఇళ్ళల్లో పండగంటేనే పని రెట్టింపు గదా!

మరి కుటుంబమంతా కలిసి ఊరు వెళ్ళినప్పుడైనా ఇల్లాలికి విశ్రాంతి దొరుకుతోందా? ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

పెనుకొండలో ఉంటూ విహారం గురించి మాట్లాడుకోవడంలో ఒక తమాషా ఉంది. మన ఊరే ఒకప్పుడు విడిది. విజయనగర రాజులు వేసవి గడపడానికి ఇక్కడికి వచ్చేవారు. ఇప్పటికీ నిలిచి ఉన్న గగన్ మహల్‌ను వేసవి విడిది అనే చెప్పుకుంటాం. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత ఈ విడిదే రాజధాని అయింది. రాజులకు మన కొండగాలి చల్లగా తోచింది కాబోలు. మనకు మాత్రం మార్చి దాటితే ఎక్కడికైనా పారిపోదామనిపిస్తుంది. పైగా సముద్రానికి ఇంత దూరాన ఉన్నవాళ్ళం. ఇప్పటికీ సముద్రం చూడని పెద్దవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు.

సాధారణంగా మన యాత్ర ఎలా ఉంటుంది? ఐదు రోజులు, తొమ్మిది ఊర్లు. తెల్లవారుజామున మూడింటికి లేవడం, పిల్లలకు స్నానాలు చేయించడం, మూటలు కట్టడం, బస్సెక్కడం. లాడ్జి గదిలో కరెంటు కుక్కరు పెట్టి ఇంత అన్నం వండి, చెనక్కాయ పొడి, ఊరగాయ, పెరుగుతో అందరికీ పెట్టడం. డబ్బు కలిసొస్తుంది, కాదనను. కానీ ఇంటికి వచ్చాక ఆ ఇల్లాలిని ఏమేం చూశావమ్మా అని అడగండి. గుళ్ళ పేర్లు కలగాపులగంగా చెబుతుంది. కుక్కరు మాత్రం ఏ ఊర్లో పేలిందో సరిగ్గా చెబుతుంది!

అందుకే నేను వేరే పద్ధతి చెబుతాను. ఊర్లు తగ్గించండి, ఒకే చోట మూడు రాత్రులు ఉండండి. ఆ చోటు సముద్రం దగ్గర ఉన్న చిన్న హోటలు అయితే మరీ మంచిది.

ఇలాంటి వాటినే ఇప్పుడు బొటీక్ హోటళ్ళు అంటున్నారు. బొటీక్ అనగానే మనకు రవికెలు కుట్టే దుకాణం గుర్తొస్తుంది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న దుకాణం అనే అర్థం. వందల గదులుండే పెద్ద హోటలు కాకుండా పదో పదిహేనో గదులతో, ఇల్లులాగా ఉండేదే బొటీక్ హోటలు. మనకు దారిలో పడే ఫ్రెంచివారి ఊరు ఒకటుంది. అదే పుదుచ్చేరి. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండింది. మన కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం కూడా దాని పాలనలోనిదే. మన తెలుగుకూ ఆ ఊరికీ పాత చుట్టరికం కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళె పేరుమీదనే కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమనే తెలుగు ఛందోగ్రంథం రాశాడు.

ఆ ఊర్లో పాతకాలపు ఫ్రెంచి ఇళ్ళనూ, తమిళుల మండువా ఇళ్ళనూ కూలగొట్టకుండా బాగుచేసి, చాలావాటిని చిన్న హోటళ్ళుగా మార్చారు. వీధి వైపు అరుగు, నడుమ ఆకాశం కనబడే మండువా, ఎత్తైన దూలాలు. లోపల అడుగుపెడితే తాతలనాటి ఇంట్లోకి వచ్చినట్టే ఉంటుంది, ఊడ్చే పని ఒక్కటి తప్ప!

పెనుకొండ నుంచి బెంగుళూరు, కృష్ణగిరి, తిరువణ్ణామలై మీదుగా వెళ్తే దాదాపు 450 కిలోమీటర్లు. ఇప్పుడు మనవాళ్ళు అరుణాచలం గిరిప్రదక్షిణకు ఎంతమంది వెళ్తున్నారో మీకు తెలుసు. కొండ చుట్టూ 14 కిలోమీటర్లు నడిచి, ఆ కాళ్ళనొప్పులతోనే రాత్రికి రాత్రి వెనక్కి బయలుదేరుతారు. అక్కడి నుంచి ఇంకో వంద కిలోమీటర్ల చిల్లర పోతే సముద్రమే. దారిలో జింజి కోట కనబడుతుంది. పిల్లలు దిగుదామంటారు. దాన్ని ఇంకోసారికి ఉంచండి. ఒక్క ప్రయాణంలో అన్నీ చూసేయాలనే ఆశే మన విశ్రాంతిని మింగేస్తోంది.

పోయిన జనవరిలో మా కుటుంబం ఈ దారినే వెళ్ళింది. అరుణాచలం దర్శనం అయింది గనుక మా అత్తగారికి తృప్తి. తరువాత పుదుచ్చేరిలో మూడు రాత్రులు ఉన్నాం. ఆమెకు డెబ్బై దాటాయి, సముద్రం చూడటం అదే మొదలు. ఒడ్డున చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడి, "ఇన్ని నీళ్ళు ఒక్క చోటే పోసిపెట్టి, మన పక్కకు నాలుగు చుక్కలు విదల్చలేదు చూడు ఆ దేవుడు" అన్నారు. అనంతపురం సీమలో పుట్టి పెరిగిన మనిషి ఇంకేమంటుంది?

ఆ ఊరి సముద్రపు రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఏడున్నర దాకా బండ్లు తిరగవు. అవ్వలు, పిల్లలు నింపాదిగా నడవవచ్చు. తూర్పు తీరం గనుక సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. ఇంట్లో పొద్దు పొడిచే వేళకు మనం డికాక్షన్ దించుతూ ఉంటాం. అక్కడ ఎవరో కాఫీ కలిపి తెచ్చి ఇస్తారు, మనం పొద్దు పొడవడం చూస్తాం. ఇది చిన్న సంగతేనంటారా? పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన ఏ ఇల్లాలినైనా అడగండి.

ఇక హోటలు మాట్లాడుకునేటప్పుడు ఏమేం అడగాలో చెబుతాను. పొద్దుటి ఫలహారం అద్దెలో కలిసి ఉందా? పన్ను కలిపి చెబుతున్నారా, వేరేనా? పెద్దవాళ్ళకు కింది గది దొరుకుతుందా? పాత ఇళ్ళల్లో మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవారికి కష్టం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండి పెడతారా? ముందురోజే చెబితే చిన్న హోటళ్ళల్లో ఇలాంటివి తేలిగ్గా కుదురుతాయి. సముద్రం దగ్గరేనంటే నడిచి ఎన్ని నిమిషాలో అడగండి. దగ్గర అనే మాటకు కొలత లేదు.

సోమవారం నుంచి గురువారం లోపల చూసుకుంటే అద్దె తగ్గవచ్చు. శని, ఆదివారాల్లో మద్రాసు, బెంగుళూరు జనమంతా అక్కడే ఉంటారు. వెళ్ళడానికి జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి తుపాన్ల కాలం. మన అనంతపురం ప్రాంతంలో ఏడాదంతా కలిపి సగటున 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా కురిసింది. వాన కావాలనుకునే మనకైనా అంత వాన వద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దయచేసి శ్రద్ధగా వినండి. మన పిల్లలు బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళు. ఆ ధైర్యంతో సముద్రంలోకి దూకుతారు. బావి నీరు నిలకడగా ఉంటుంది, సముద్రం లాగుతుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఒక్కోసారి ఒక సందు చేసుకుని వేగంగా వెనక్కి పోతుంది. అలలు విరగకుండా నెమ్మదిగా కనబడే ఆ జాగానే పిల్లలకు మంచి చోటులా తోస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది. ఆ నీరు లాగితే దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని చూడకూడదు. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. చెయ్యెత్తి కేకలేస్తూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు తిరగాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకవద్దు. తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసిరి, కాపలావాళ్ళను పిలవాలి.

మా ఇంట్లో పెట్టుకున్న నియమాలు మూడు. మోకాలు మించి ఎవరూ దిగకూడదు. ఒక్కో పిల్లకూ పిల్లాడికీ ఒక్కో పెద్దమనిషి కాపలా, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగకూడదు. ఇంకో మాట, చీర తడిస్తే కాళ్ళకు చుట్టుకుని లాగేస్తుంది. నీళ్ళలోకి దిగేవాళ్ళు చుడీదారు వేసుకోండి.

పుదుచ్చేరి ఊరి ముందున్న తీరంలో ఎక్కువ భాగం ఇసుక ఉండదు, పెద్ద పెద్ద బండరాళ్ళు ఉంటాయి. 1980లలో పక్కనే ఓడరేవుకు గోడలు కట్టాక, ఉత్తరానికి కొట్టుకువచ్చే ఇసుక అక్కడ ఆగిపోయింది. ఊరి ముందు ఉన్న ఇసుకను సముద్రం కోసుకుపోయింది. ఊరిని కాపాడటానికి రాళ్ళు పేర్చారు. ఈమధ్య నీటి అడుగున అడ్డుకట్ట వేస్తే కొంతమేర ఇసుక తిరిగి చేరింది. ఆ రాళ్ళు పాచి పట్టి జారుతాయి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. ఇసుకలో ఆడుకునే చోటు ఎక్కడో హోటలువాళ్ళనే అడిగి వెళ్ళండి.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట గదమ్మా" అంటారేమో. పేరున్న పాత భవనాల్లో అద్దెలు ఎక్కువే, నిజం. ఐదారు గదుల చిన్న అతిథి గృహాలు కూడా ఉన్నాయి. పుదుచ్చేరి వద్దనుకుంటే బాపట్ల దగ్గర సూర్యలంకలో మన రాష్ట్ర పర్యాటక శాఖ వారి కాటేజీలు ఇసుక ఒడ్డునే ఉన్నాయి. హిందూపురం, ధర్మవరం మీదుగా వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖ వెళ్ళవచ్చు. ఎక్కడైనా ఒకే చోట ఉండటం, వంట మానడం, ఈ రెండూ ముఖ్యం. నెలనెలా చిన్న చీటీ కట్టండి. ధర్మవరం నేతన్నలు నన్ను తిట్టుకోకూడదు గానీ, ఒక ఏడాది పట్టుచీర ఒకటి తగ్గించుకున్నా కొంత సమకూరుతుంది.

చివరగా తిరిగివచ్చే రోజు సంగతి. అందరికీ సెలవు గుమ్మం దగ్గర అయిపోతుంది. ఇల్లాలికి మాత్రం అప్పు తీర్చడం అక్కడే మొదలవుతుంది. ఇసుక నిండిన బట్టలు, విరిగిపోయిన పాలు, ఖాళీ ఫ్రిజ్జు, మర్నాటి క్యారేజీలు! నాలుగు రోజుల విశ్రాంతి ఒక్క రాత్రిలో హరించుకుపోతుంది. అందుకని బయలుదేరే ముందే పనులు పంచండి. బట్టలు ఎవరు ఉతకాలి, ఇల్లు ఎవరు ఊడ్వాలి, కూరగాయలు ఎవరు తేవాలి అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి. బడీ, ఆఫీసూ తెరిచే ముందురోజు మధ్యాహ్నానికే ఇల్లు చేరండి. ఆ రాత్రికి బొరుగులు, మజ్జిగ చాలు. ఎవరూ ఆకలితో చిక్కిపోరు.

మా ఇంట్లో ఆ కాగితం చూసి మా ఆయన మొదట నవ్వారు. తరువాత బకెట్టు పట్టుకుని మిద్దె మీదికి వెళ్ళారు. ఉతికిన బట్టల్లో తెల్లవన్నీ లేత గులాబీ రంగుకు తిరిగాయి. అయినా నేను ఏమీ అనలేదు. ఆ పని నాది కాకపోవడమే నాకు పెద్ద సెలవు.

ఇల్లాలు నాలుగు రోజులు కూర్చుంటే ఇల్లు కూలిపోదు. ఆమె రోజూ ఎంత మోస్తోందో ఇంట్లోవాళ్ళకు అర్థమవుతుంది. ఆ అర్థం కావడం సముద్రపు గాలికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఈ ఏడు మీ ఇంట్లో సెలవుల మాట వచ్చినప్పుడు, ఎక్కడికి వెళ్దాం అని అడిగే ముందు అక్కడ అన్నం ఎవరు వండుతారు అని అడగండి. జవాబు మీ పేరు కాకపోతేనే పెట్టె సర్దండి.

ఇక నేను సెలవు తీసుకుంటాను. మీరూ తీసుకోండి. నమస్కారం.