ఎకరములు, గుంటలు, కంప్యూటరు



కంప్యూటరునకు సంఖ్య యొక విలువ. దానిని కాగితముపై వ్రాసిన రూపము వేరు. ఈ భేదము నాకు పుస్తకములవలన బోధపడలేదు. మహబూబాబాదు జిల్లా పెద్దవంగరలో మా అన్నదమ్ముల భూమి పంపకమునాడు బోధపడినది. ఆ ముచ్చటయే నేడు విన్నవించుచున్నాను.

మాకు రెండు తునకలు గలవు. ఒకటి ఎకరము ముప్పది గుంటలు, రెండవది రెండెకరముల యిరువది గుంటలు. కంప్యూటరు నేర్చినవాడనను గర్వముతో నేనే లెక్క కెక్కించితిని. 1.30 అనియు, దాని క్రింద 2.20 అనియు కొట్టి, కూడుమంటిని. కాగితముపై 1.3, 2.2, మొత్తము 3.5 అని అచ్చుపడినది.

మా అన్నగారు కంప్యూటరు ముట్టి యెరుగరు. కండ్లద్దములు సవరించుకొని చదివి, "తమ్మీ, బావికాడి ముప్పది గుంటలు మూడు గుంటలెట్లాయెను? మిగిలినది యెవరికి వ్రాసితివి?" అని యడిగిరి. నవ్వుచునే యడిగిరి గాని నాకు ముల్లు గ్రుచ్చినట్లయినది.

చూడుడు: ఎకరము మూడు గుంటలకు రెండెకరముల రెండు గుంటలు చేర్చిన మూడెకరముల యైదు గుంటలే యగును. కూడిక సరిపోయినది, అందుచేతనే తప్పు దాగినది. నిజమైన మొత్తము నాలుగెకరముల పది గుంటలు. నలుబదియైదు గుంటలు కాగితముపై మాయమైనవి!

ఇది యంత్రము దోషము కాదు. చుక్క తరువాతి యంకెలను అది దశాంశములుగా గ్రహించును. దానికి 2.20 అన్నను 2.2 అన్నను విలువ యొక్కటే. కడపటి సున్న యనవసరమని విడిచివేయును. నూరు పైసలకు రూపాయి యగుచోట దీనివలన చిక్కు లేదు. నలుబది గుంటలకు ఎకరమగుచోట కొంప మునుగును. వ్రాతగుర్తులన్నిటికి యంత్రములో వరుససంఖ్యలు గలవు: 2 అను గుర్తునకు 50, మన తెలుగు ౨ కు 3176. రెండు అను విలువ వీనిలో దేనికిని చెందినది కాదు. విలువను ఏ గుర్తులతో, ఎన్ని స్థానములలో వ్రాయవలెనో మనమే యాజ్ఞాపింపవలెను. ఆజ్ఞ లేనిచో తనకు తోచినట్లు వ్రాయును. సర్వే నంబరు 12/1 అని కొట్టినచో తారీఖుగా మార్చివేయుటయు నేను చూచితిని!

దీనివలని నష్టమెంతయో రూపాయలలో చెప్పెదను. 2019 వానకాలమునుండి రైతుబంధు క్రింద పంటకు ఎకరమునకు 5,000 రూపాయలుండెను, అనగా గుంటకు 125. మా నాలుగెకరముల పది గుంటలకు 21,250 రావలెను. 3.5 అనుదానిని మూడున్నర ఎకరములుగా చదివినవానికి 17,500. మూడెకరముల యైదు గుంటలుగా చదివినవానికి 15,625. ఒక్క కాగితమునకు మూడు లెక్కలు!

ఆ రాత్రియే లెక్క తిరుగవ్రాసితిని. ఉపాయము మన ముసలివారు వేళ్లపై చేయునదియే. మొదట అంతయు గుంటలుగా మార్చితిని: డెబ్బది, నూరు, వెరసి 170. దానిని నలుబదిచే భాగించగా 4 ఎకరములు, శేషము 10 గుంటలు. లెక్క విలువతో జరిగినది. వ్రాత కడపట వచ్చినది. ఎకరముల యంకెను, నడుమ గీతను, గుంటల యంకెను అక్షరములుగా జోడింపుమంటిని. గుంటలకు తప్పక రెండు స్థానములుండవలెననియు, తక్కువైనచో ముందు సున్న చేర్చవలెననియు నిర్ణయించితిని. చుక్కను మాత్రము దరికి రానీయలేదు. ఇట్లు జోడించినది వ్రాతయే గాని సంఖ్య కాదు. దానిని మరల కూడరాదు. కూడవలెనన్న గుంటల లెక్కకే పోవలెను.

అంకెల ప్రక్కన మాటలలోకూడ వ్రాయు ఏర్పాటు చేసితిని. దస్తావేజులలో పెద్దలు ఆ రెండు విధములను ఏల వ్రాయుదురో అప్పుడు తెలిసినది.

మరునాడు చెరిసగము పంచగా ఒక్కొక్కరికి ఎనుబదియైదు గుంటలు వచ్చినవి. కాగితముపై 2-05, రెండెకరముల ఐదు గుంటలు, అని పడినది. అన్నగారు ఆ సున్నపై వ్రేలుంచి, "ఇది యెందుకురా?" అనిరి. చెప్పితిని. రెండవ ప్రతిలోను అది యున్నదో లేదో చూచి, పిమ్మట సంతకము చేసిరి.