బాటప్రక్కన బండి నిలుపుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలయందు కావ్యములను గూర్చియో, గ్రామచరిత్రమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. అట్టి వేదికపై బాటప్రక్కన బండి నిలుపుటను గూర్చి ముచ్చటించుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని ఈ గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో ట్రాక్టరుతో పని లేనివారు, మోటారు సైకిలు ఎక్కనివారు, బస్సు ప్రయాణము చేయనివారు అరుదు. భారతము చదివినవారికి ఈ విషయము క్రొత్తదియు కాదు.

కర్ణపర్వములోని ఘట్టము ఎల్లరెఱిగినదే. పోరు ముమ్మరమైన వేళ కర్ణుని రథచక్రము నేలలో క్రుంగెను. ఆ మహావీరుడు రథము దిగి, రెండు చేతులతో చక్రమును పట్టి పైకెత్తజొచ్చెను. అతని శ్రమ అంతయు చక్రముమీదనే యుండగా, ప్రాణము తీయు బాణము వచ్చి తాకెను. శాపములను గూర్చియు, ధర్మాధర్మములను గూర్చియు పండితులు ఎన్ని చర్చలైనను చేయవచ్చును. బాటసారి గ్రహింపవలసిన నీతి మాత్రము ఒక్కటి. నడచుచున్న రథముమీద పోరు సాగించినవాడు, ఆగిన రథము ప్రక్కన నిలిచి చక్రమునందే పనిగొన్నప్పుడు కూలెను.

నేటి రహదారులమీద ఈ కథయే మరల మరల నడచుచున్నది. పెండ్లి చూచుకొని రాత్రివేళ కారులో తిరిగివచ్చు ఒక కుటుంబమును తలంచుకొనుడు. కుడివైపు వెనుక చక్రము పంచరైనది. బండి తారుమీదనే నిలిచిపోయినది. యజమాని బాటవైపు వీపు పెట్టి కూర్చుండి జాకీ ఎక్కించుచున్నాడు. కుమారుడు ఫోను దీపము చూపుచు అతని వెనుక నిలిచినాడు. స్త్రీలును పిల్లలును చల్లగాలికి దిగి బండి వెనుక మాటలాడుకొనుచున్నారు. బండి వెనుక దీపములను వారి దేహములే కప్పివేసినవి. తప్పు చేయుచున్నామని వారిలో ఒక్కరును తలంపరు. అందఱి చూపులును చక్రముమీదనే కలవు.

అంతలో వెనుకనుండి గంటకు 80 కిలోమీటర్ల వేగముతో మఱియొక వాహనము వచ్చుచున్నదనుకొనుడు. దీని లెక్క చూడవలసియున్నది. ఆ వేగమున బండి సెకనుకు 22 మీటర్లు పోవును. డ్రైవరు కన్ను చూచి, మనసు గ్రహించి, కాలు బ్రేకుమీదికి పోవునప్పటికి ఒకటిన్నర సెకను పట్టినచో, అంతలోనే 33 మీటర్లు గడచును. పిదప పొడిబాటమీద మంచి బ్రేకులున్న కారునకైనను ఆగుటకు ఇంచుమించు 40 మీటర్లు కావలయును. మొత్తము 70 మీటర్లకు పైమాట. బరువెక్కిన లారీకిని, తడిసిన బాటకును ఇది ఇంకను పెరుగును. ఎదుటివారి కొఱకు దించిన దీపముల వెలుగులో, ఎఱ్ఱదీపము లేని వస్తువు 50 మీటర్ల దూరమునకు కానవచ్చుటయే గొప్ప. ఖర్చు 70, జమ 50. ఆ లోటు పూడ్చునది మనుష్యప్రాణమే.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుని ఉత్తరీయము రథమునుండి జారిపడెను. రథము నిలుపుమని ఆయన కోరగా, అది అప్పుడే ఆమడ దూరము వెనుకబడినదని బాహుకుడు పలికెను. వేగము యొక్క స్వభావమిట్టిది. మాట ముగియకమున్నే దూరము దాటిపోవును. కావున ఆగిన బండి విశ్రమించినదని తలంపరాదు. తాను ఆగినట్లు వెనుకనుండి వచ్చువానికి దూరమునుండియే తెలియువఱకు, ఆపినవాని బాధ్యత తీరలేదు.

ఎద్దుబండ్ల కాలమున బండివారు ఇరుసు క్రింద లాంతరు కట్టుకొని పోయెడివారు. బండివాడు కునుకు తీసినను ఆ దీపము మేల్కొని యుండెడిది. నాటి నిదానపు నడకకే అంత జాగ్రత్త వలసియుండగా, నేటి వేగమునకు ఎంత వలయునో చెప్పనక్కఱలేదు.

మొదటిది, చోటు ఎన్నుకొనుట. మలుపునందును, మెరక దిగిన వెంటనే యుండు పల్లమునందును, వంతెనపైనను, తూము కడను, చెట్ల చీకటియందును బండి నిలుపరాదు. పంచరైనను కొంతదూరము మెల్లగా నడపుకొనిపోయి, ఎడమవైపున తారు విడిచి పూర్తిగా దిగుటకు వీలగు గట్టినేల చేరవలయును. టైరు చెడిపోవునని సంశయింపవలదు. దానికి వెల కలదు, క్రొత్తది దొరకును. వెనుకవారికి ముందుగానే ఎడమవైపు సైగ దీపము చూపి, వేగము క్రమముగా తగ్గింపవలయునేగాని తటాలున ఆపరాదు.

రెండవది, దిగుట. నాలుగు మూలల దీపములు మినుకుమినుకుమనునట్లు మీట నొక్కవలయును. హ్యాండు బ్రేకు లాగి, ఇంజను ఆపవలయును. ఏటవాలు నేలయైనచో బండిని గేరులో ఉంచి, చక్రముల క్రింద చెక్క పెట్టవలయును. కుడివైపు తలుపు వెనుక చూడకుండ తెఱచుట పరులకును తనకును ముప్పు. వీలైనంతవఱకు అందఱును ఎడమవైపునుండియే దిగవలయును. దిగినవారు బండి ముందు నిలువరాదు, ఏలయన దెబ్బ తిన్న బండి ముందునకు దూకును. వెనుకను నిలువరాదు, కారణము చెప్పనేల? బాట విడిచి, ఇనుప కమ్మియున్నచో దాని ఆవలికి, లేనిచో చేనిగట్టువైపునకు ఎడముగా పోవలయును. పిల్లల చేయి పట్టుకొనియే యుండవలయును.

మూడవది, హెచ్చరిక. వెలుగు పడినప్పుడు మెఱయు ఎఱ్ఱని త్రికోణపు పలక కార్లలో ఉండును. పెక్కుమంది దానిని ఒక్కనాడును బయటికి తీయరు. దానిని బండి ప్రక్కనే నిలిపిన ఫలము లేదు. వెనుకకు కనీసము 70 అడుగువేతలు, అనగా సుమారు 50 మీటర్లు, బాట అంచున నడచిపోయి నిలుపవలయును. పెద్ద రహదారులలో అంతకు రెట్టింపు దూరము మేలు. మలుపు దాపున ఆగినచో మలుపునకు ఆవలనే నిలుపవలయును. పోవునప్పుడు ఆ పలకను ఎదురుగా పట్టుకొని, వచ్చు వాహనములను చూచుచు నడువవలయును. కుడివైపు చక్రమునకే మరమ్మతు వలసి, బండి తారుకు ఆనియే యున్నచో, రాత్రివేళ తానే పూనుకొనుట సాహసము. జాతీయ రహదారియైనచో 1033 అను నంబరునకు ఫోను చేసి సహాయము కోరవచ్చును.

ఇచట రాళ్ళను గూర్చి ఒక మాట. చెడిన లారీ చుట్టును రాళ్ళు పేర్చి, చెట్టుకొమ్మలు పడవేయుట చిరకాలపు అలవాటు. కొమ్మ దూరమునుండి కానవచ్చును, తగిలినను నలుగును. రాయి చీకటిలో కానరాదు. మరమ్మతు ముగిసి లారీ తరలిపోవును, రాళ్ళు మాత్రము బాటమీదనే నిలుచును. అర్ధరాత్రి మోటారు సైకిలుపై వచ్చు యువకుడు వానిపై పడును. తన ప్రాణము కాచిన రాయిని పరుని ప్రాణమునకు ఒడ్డి పోవుట ఏ ధర్మమునకును ఒప్పదు. పెట్టిన చేతులే తీయవలయును.

ఇక పల్లెవారి తప్పులును పల్లెవారే ఒప్పుకొనవలయును. చెఱకో, ప్రత్తియో, గడ్డియో నింపిన ట్రాక్టరు ట్రక్కు వెనుక దీపములు ఎన్నింటికి వెలుగుచున్నవి? వెలిగినను సరకు వాటిని కప్పుచున్నది. అట్టి ట్రక్కును సంధ్యవేళ బాటపై విడిచి టీ త్రాగబోవుట, రహదారికి అడ్డముగా గోడ కట్టుటతో సమానము. జనులు రేడియం స్టిక్కరని పిలుచు ఎఱ్ఱని మెఱపు పట్టీలను ట్రక్కు వెనుక రెండు మూలలకును అంటించుటకు అగు ఖర్చు స్వల్పము. బాట పోరంబోకులో పెంటకుప్పలు వేయుట, తారుమీద ధాన్యము ఆరబోయుట గూడ దోషమే. ఆపదలో బండి దిగవలసిన చోటును అవి ఆక్రమించుచున్నవి. ఆ చోటు ఏ ఒక్కరి హక్కుభుక్తముల లోనిదియు కాదు.

చట్టమును ఈ విషయమున మౌనము వహింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 122వ సెక్షను, పరులకు అపాయమో ఆటంకమో కలుగునట్లు వాహనమును విడిచిపోరాదని చెప్పుచున్నది. డ్రైవరు స్థానమున లైసెన్సు గలవాడు లేనప్పుడు, యంత్రమును ఆపి బ్రేకు వేయనిదే బండిని నిలిపి పోరాదని 126వ సెక్షను శాసించుచున్నది.

ప్రమాదము జరిగినచోట గుమిగూడు అలవాటును గూర్చియు చెప్పవలసియున్నది. దయతో పరుగెత్తిన పదిమంది తారుమీదనే మూగుదురు, తమ బండ్లను నడిబాటను విడుతురు. మొదటి ప్రమాదమునుండి రెండవది పుట్టుట ఇట్లే. ఒకరు వెనుకకు పోయి, బాట అంచున నిలిచి, వచ్చువారిని హెచ్చరింపవలయును. ఒకరు 108కో 112కో ఫోను చేయవలయును. తక్కినవారు బాట విడువవలయును. 108 అంబులెన్సు సేవ మొదలైనది 2005వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. సాయపడినచో సాక్ష్యము కొఱకు త్రిప్పుదురను భయము ఇంకను కొందఱిలో కలదు. 2019లో చేసిన సవరణచే చట్టమునందు చేరిన 134ఏ సెక్షను, సద్బుద్ధితో తోడ్పడినవానికి రక్షణ కల్పించుచున్నది. తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. కావున భయపడి ముఖము త్రిప్పుకొని పోవలసిన పని లేదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా పుస్తకములను ఎరువిచ్చుచున్నది. ఇకమీదట బీరువా ప్రక్కన రెండు త్రికోణపు పలకలను, ఒక మంచి టార్చిలైటును ఉంచి, పెండ్లిండ్లకును తీర్థయాత్రలకును పోవువారికి చందా లేకుండ ఎరువిచ్చినచో, ఈ రజతోత్సవమునకు అదియొక చక్కని గుర్తుగా నిలుచును. తీసికొనిపోయినవారు వాటిని వాడవలసిన అవసరము లేకయే తిరిగి తెచ్చి అప్పగింతురు గాక!

కర్ణునికి నాడు చక్రమెత్తువఱకు ఆగువారు లేకపోయిరి. నేటి బాటసారికి శత్రువు లేడు. వెనుక వచ్చు డ్రైవరు తనవంటి గృహస్థే, ఇల్లు చేరగోరువాడే. అతనికి ముందుగా తెలిసినచో తప్పక ఆగును. తెలియజేయుటయే ఆగినవాని ధర్మము.

స్వస్తి.