అతుకు దగ్గర ఆగి చూడండి

పట్టాలు అందుకుంటున్న భాషాశాస్త్ర విద్యార్థులకూ, వాళ్ల తల్లిదండ్రులకూ అభినందనలు.

తల్లిదండ్రులు అన్నాను కదా, అందులో తండ్రి 'త' కాస్తా 'ద' అయింది. గసడదవాదేశమని బళ్లో బట్టీపట్టిందే. జపనీయులూ ఈ పని చేస్తారు. మడత 'ఒరి', కాగితం 'కామి', కలిస్తే 'ఒరిగామి'. రాతలో 'క' పక్కన రెండు చిన్న గీతలు పెడితే 'గ' అయిపోతుంది. తమాషా ఏమిటంటే, మన ద్వంద్వ సమాసాల్లో ఈ మార్పు మామూలే. వాళ్లకు సాధారణంగా ద్వంద్వంలోనే జరగదు. 'యమకవ' అంటే కొండలూ నదులూ. 'యమగవ' అంటే కొండల్లో పారే ఏరు. విగ్రహవాక్యం చెప్పాల్సిన పని ఒక్క హల్లు చేసిపెట్టింది!

రెండో మాటలో ముందే గ, జ, ద, బ లాంటి ధ్వని ఉంటే ఈ మార్పు ఆగిపోతుంది. వసంతపు గాలి 'హరుకజె'యే, 'హరుగజె' కాదు. దీన్ని లైమన్ సూత్రం అంటారు. ఆయన వ్యాకరణవేత్తేమీ కాదు, 1870లలో హొక్కైడోలో బొగ్గు నిక్షేపాలు సర్వే చేసిన అమెరికన్ గనుల ఇంజనీరు. జపాన్ పండితుడు మొతోఓరి నొరినాగ 18వ శతాబ్దంలోనే ఈ సంగతి గమనించాడు. పేరు మాత్రం ఇంజనీరుకు దక్కింది.

ఇండోనేషియన్‌లో సమాసాలున్నా, పెత్తనం ముందూ వెనకా చేరే ప్రత్యయాలదే. 'అజర్' నుంచి 'బెలజర్' అంటే నేర్చుకోవడం, 'మెఙజర్' బోధించడం, 'పెలజరన్' పాఠం. మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఙ, ఞలకు అక్కడ చేతినిండా పని. ధాతువు క, త, ప, సలతో మొదలైతే, ముందు 'మెఙజర్'లోని ఈ 'మె' చేరినప్పుడు ఆ హల్లు సరళం కావడంతో ఆగదు, మామూలుగా మాయమే అవుతుంది. దానికి దగ్గరి అనునాసికం మిగులుతుంది. రాయడం 'తులిస్' నుంచి 'మెనులిస్', పంపడం 'కిరిమ్' నుంచి 'మెఙిరిమ్', ఊడవడం 'సాపు' నుంచి 'మెఞాపు'. నిఘంటువులో 'మెనులిస్' కావాలంటే 'తులిస్' దగ్గరికి వెళ్లాలి. అంటే పోయిన హల్లు ఏదో ముందే తెలిసుండాలి!

ఒక్కోసారి అదీ తేలదు. 'మెఙుకుర్'కు ధాతువు 'ఉకుర్' అయితే కొలవడం, 'కుకుర్' అయితే కొబ్బరి కోరడం. మీలో కొందరు అనువాద యంత్రాలు తయారుచేసే కంపెనీలకు వెళ్తున్నారని విన్నాను. మీ యంత్రాన్ని ముందు ఈ మాట మీద పరీక్షించండి. వాక్యంలో కొబ్బరికాయ ఉందా లేదా చూడమంటే సరిపోతుందనుకోకండి, దాన్నే ఎవరో టేపుతో కొలుస్తూ ఉండొచ్చు.