ఎవరూ చదవని అర్జీలు



పరిశోధనాత్మక పాత్రికేయం మీద జరిగే ఈ రెండు రోజుల సదస్సుకు అధ్యక్షత వహించమని నిర్వాహకులు అడిగినప్పుడు ముందు తటపటాయించాను. ఇక్కడ పత్రాలు చదవబోయేవారిలో చాలామంది ఈ విషయం నాకన్నా లోతుగా చదివినవారు. నాకున్నది 30 ఏళ్ల విలేకరితనం. సగం అనంతపురం జిల్లాలో, సగం డెస్కులో గడిచింది. అందులోంచి తేలిన ఒక్క మాట చెప్పుకోవడానికి ఒప్పుకున్నాను. మనం పరిశోధన అని పిలుచుకునే వార్తల్లో చాలావాటిని మనకంటే ముందే బాధపడ్డవాళ్లు రాసి ఉంటారు. అర్జీగా రాసి ఉంటారు. అది బుట్టదాఖలై ఉంటుంది. విలేకరి కూపీ లాగేది ఆ బుట్టలోంచే.

సోమవారం పూట ఏ కలెక్టరేటుకైనా వెళ్లి చూడండి. ప్రజావాణి అనండి, మొన్నటిదాకా ఉన్న పేరుతో స్పందన అనండి, పాతవాళ్లలా గ్రీవెన్సు అనండి, దృశ్యం ఒకటే. చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవాళ్లు, జిరాక్సు కొట్టు ముందు గుంపు, ప్రతి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో రేషన్ కార్డు, ఆధార్, నిరుడు ఇచ్చిన అర్జీ నకలు, అంతకుముందు ఏడాది ఇచ్చిన దాని నకలు. ‘కాగితం పెట్టుకున్నాం సార్’ అంటారు. లోపల దాని మీద ముద్ర పడుతుంది, నంబరు పడుతుంది, ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కింది ఆఫీసుకు పంపుతారు. ఏ ఆఫీసరు మీద ఫిర్యాదో, తరచుగా ఆ ఆఫీసరు బల్ల మీదకే చేరుతుంది. విలేకరులం మేము కలెక్టరు పక్కన నిలబడి ఫొటో తీసుకుని, మొత్తం ఎన్ని అర్జీలు వచ్చాయో రాసుకుని వచ్చేవాళ్లం. లెక్క రాశాం, చదవలేదు.

చదివినవాళ్లు ఏం చేశారో చెప్పడానికి భాగల్పూర్ ఒక్కటి చాలు. 1979, 80 సంవత్సరాల్లో బీహార్‌లోని ఆ జిల్లాలో పోలీసులు పట్టుకొచ్చిన 30 మందికి పైగా మనుషుల కళ్లు పొడిచి, యాసిడ్ పోశారు. ఆ యాసిడ్‌కు పోలీసులు పెట్టుకున్న పేరు గంగాజలం. కళ్లు పోయినవాళ్లను మేజిస్ట్రేట్ల ముందుకు తెచ్చారు, రిమాండు పొడిగించారు, జైలుకు పంపారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఖైదీలు ఊరుకోలేదు. మాకు ఒక వకీలును పెట్టండని 1980 జులైలో సెషన్సు జడ్జికి అర్జీలు పెట్టుకున్నారు. వకీలును పెట్టే ఏర్పాటు లేదన్నది వాళ్లకు అందిన సమాధానం. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పట్నా విలేకరి అరుణ్ సిన్హా ఈ సంగతి లోకానికి చెప్పింది ఆ నవంబరులో. నాలుగు నెలలు ఆ వార్త ప్రభుత్వ ఫైల్లో, నంబరుతో సహా, భద్రంగా ఉంది.

ఇందులో మనం సాధారణంగా మరిచిపోయే మనిషి ఒకరున్నారు, జైలు సూపరింటెండెంట్ బచ్చూలాల్ దాస్. విలేకరికి నిజం అందడానికి దారి ఇచ్చినవాడు ఆయన. తర్వాత సస్పెండ్ అయినవాడూ ఆయనే. పరిశోధన చరిత్ర రాసేటప్పుడు విలేకరి పేరు, సంపాదకుడి పేరు రాస్తాం. తలుపు తీసిన గుమస్తా, కానిస్టేబులు, నర్సు పేరు రాయం. చాలాసార్లు వాళ్ల క్షేమం కోసమే రాయకూడదు కూడా. కానీ ఆ మూల్యం చెల్లించినవాళ్లు ఉన్నారని మీ పత్రాల్లో గుర్తుంచుకోండి.

న్యాయవాది కపిలా హింగోరానీ ఈ కథనాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్లారు. ఆమెకు ఇది కొత్త కాదు. 1979లో బీహారు జైళ్లలో విచారణే లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవారి గురించి కె.ఎఫ్. రుస్తుంజీ పత్రికలో రాసిన వ్యాసాలు చదివి హుసేనారా ఖాతూన్ కేసు వేసింది ఆమే. దాని ఫలితంగా 40,000 మంది దాకా విడుదలయ్యారని చెబుతారు. భాగల్పూర్ కేసులో, బీదవాడైన నిందితుడిని మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడే ఉచితంగా వకీలును ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కోర్టు తేల్చింది. గుడ్డివాళ్లు జులైలో అడిగింది సరిగ్గా అదే.

ఈ కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టే భాగం వేరే ఉంది. పోలీసులను సస్పెండ్ చేసినప్పుడు భాగల్పూర్ జనం వీధుల్లోకి వచ్చారు. పోలీసులకు మద్దతుగా వచ్చారు. దొంగల పీడ వదిలించిన పోలీసులను శిక్షిస్తారా అన్నది వాళ్ల ఆగ్రహం. పరిశోధనాత్మక పాత్రికేయం అంటే ప్రభుత్వాన్ని ఎదిరించడం అని మనం తేలిగ్గా అనేస్తాం. ప్రభుత్వాన్ని ఎదిరిస్తే కనీసం పాఠకుడి మెప్పు దక్కుతుంది. తన పేపరు డబ్బిచ్చి కొనే పాఠకుడే ఆ నేరానికి తలూపినప్పుడు రాయడం ఇంకా కష్టం. ఎన్‌కౌంటర్ జరిగిన చోట పూలు చల్లిన రోజులు మన రాష్ట్రాల్లోనూ చూశాం. ఆ రోజు ఏ డెస్కులో ఎవరు ఏ ప్రశ్న అడిగారన్నది పరిశోధించదగ్గ విషయం. ఈ సదస్సులో ఎవరూ దాని మీద పత్రం సమర్పించడం లేదు. నాకది లోటుగానే అనిపించింది.

అర్జీ మాట ఎత్తాను కనుక మరో రెండు చెబుతాను. 2002లో డేరా సచ్చా సౌదా ఆశ్రమంలో తమ మీద జరుగుతున్న అత్యాచారాల గురించి పేరు చెప్పుకోలేని ఒక సాధ్వి ప్రధానమంత్రి వాజపేయికి ఉత్తరం రాసింది. హర్యానాలోని సిర్సాలో ‘పూరా సచ్’ అనే చిన్న సాయంకాల పత్రిక నడుపుతున్న రామ్ చందర్ ఛత్రపతి ఆ ఉత్తరాన్ని అచ్చువేశారు. ఆ అక్టోబరులో ఇంటి ముందే కాల్పులకు గురయ్యారు, నవంబరులో చనిపోయారు. అత్యాచారం కేసులో డేరా అధిపతికి శిక్ష పడింది 2017లో. ఆ ఉత్తరం చాలామంది పెద్దల చేతుల్లో పడింది. దాన్ని అచ్చువేసిన ధైర్యం ఆ చిన్న పత్రికది.

రెండోది భోపాల్. అక్కడ రాజ్‌కుమార్ కేస్వానీ నడిపిన చిన్న వారపత్రిక పేరు ‘రపట్’. పోలీసు స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదును హిందీవాళ్లు అలా అంటారు. పత్రికకు పెట్టిన పేరే అర్జీ అన్నమాట. యూనియన్ కార్బైడ్ కర్మాగారం ఊరిని మింగేస్తుందని ఆయన 1982లో వరసగా రాశారు. 1984 జూన్‌లో ‘జనసత్తా’లో మళ్లీ రాశారు. ఆ డిసెంబరు 2 రాత్రి ఏమైందో మీకు తెలుసు. ముందే చెప్పినందుకు తర్వాత ఆయనకు పురస్కారాలు వచ్చాయి. ముందే వినని ఊరికి అవి ఏ ఓదార్పూ కాలేదు.

ఇలాంటి కథనాల నీతి గురించి రేపు ఒక ప్రత్యేక సమావేశం ఉంది కనుక నేను ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. 1981లో విలేకరి అశ్వినీ సరిన్ మధ్యప్రదేశ్‌లోని శివపురి ప్రాంతానికి చెందిన ఒక స్త్రీని 2,300 రూపాయలకు కొని, ఆడవాళ్ల అమ్మకం నిజమేనని దేశానికి రుజువు చేశారు. గొప్ప సాహసం. అయితే ఆ తర్వాత ఆశ్రమంలో ఉంచిన ఆ స్త్రీ ఆచూకీ లేకుండా పోయింది. విజయ్ టెండూల్కర్ అదే ఏడాది దీన్ని ‘కమల’ నాటకంగా మలిచి, కొని వార్త రాసినవాడికి ఆమె దేనికి పనికొచ్చిందని అడిగారు. అర్జీ పెట్టుకున్న మనిషి వార్త పడ్డాక ఎక్కడుందో చూడని పరిశోధనను నేను పూర్తయిన పరిశోధన అనలేను.

ఇక మన ఇంటి సంగతి. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పెట్టి కోర్టుల్లో లంచాలను బయటపెట్టిన నాటి నుంచి తెలుగులో ఈ తరహా రచన ఉంది. ఆ చరిత్ర మీలో చాలామందికి కంఠతా వచ్చు. నేను చెప్పాల్సింది 1989 తర్వాతి సంగతి. జిల్లా టాబ్లాయిడ్లు వచ్చాయి. మండలానికో విలేకరి వచ్చాడు. మునుపెన్నడూ లేనంత దగ్గరగా పత్రిక ఊరికి చేరింది. అది మామూలు విజయం కాదు. కానీ ఆ విలేకరికి ఇచ్చింది లైన్ అకౌంటు. అచ్చయిన ముక్కలు కత్తిరించి, కాగితానికి అంటించి, కొలిచి పంపితే నెలకు వచ్చేది పెట్రోలుకు చాలదు. పైగా ప్రకటనల టార్గెట్. ఏ కాంట్రాక్టరు రోడ్డు మీద రాయాలో, పండగకు శుభాకాంక్షల ప్రకటన ఆ కాంట్రాక్టరు దగ్గరే తేవాలి. 2025 జనవరిలో మన ములుగు జిల్లాకు పొరుగున ఉన్న బీజాపూర్‌లో రోడ్డు పనుల అవినీతి మీద పనిచేసిన విలేకరి ముఖేశ్ చంద్రాకర్ శవం ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడు హైదరాబాద్‌లో పట్టుబడ్డాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు తెలిసిన మండల విలేకరుల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

చేతిలో ఉన్న పనిముట్టు కూడా మొద్దుబారుతోంది. 2005 సమాచార హక్కు చట్టంతో మస్టరు రోల్ అడగగలిగాం. 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పేర్లు పైకి చదివితే, చచ్చిపోయినవాళ్ల పేరు మీద కూలి తీసుకున్న వైనం ఊరంతా విన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఇవ్వనక్కర్లేదన్నట్టు చేసింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉందని వాదించేవారున్నారు. ఉంది. కానీ మండలాఫీసులో కిటికీ అవతల కూర్చున్న ఉద్యోగికి కనపడేది ‘వ్యక్తిగతం’ అన్న మాటే. పేర్లు లేని మస్టరు రోల్‌తో ఏ దొంగ లెక్కా తేలదు.

చివరగా నా సొంత విషయం. 1990ల చివర్లో అనంతపురం జిల్లాలో, ఒక సోమవారం, ఒకామె నా చేతిలో అర్జీ నకలు పెట్టింది. ఆమె భర్త వేరుశనగ రైతు, పురుగుమందు తాగి చనిపోయాడు. కారణం దగ్గర కడుపునొప్పి అని రాశారని, అది తప్పని, మార్చమని ఆమె వేడుకోలు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. అంతకు కొద్ది వారాల ముందే ‘కడుపునొప్పి తాళలేక రైతు ఆత్మహత్య’ అని ఆ మరణాన్ని మూడు లైన్లలో రాసింది నేనే. స్టేషన్లో చెప్పింది చెప్పినట్టు రాశాను. అలాంటివి ఆ రోజుల్లో ఎన్ని రాశానో లెక్క లేదు. పురుగుమందు తాగితే పేగులు కాలి కడుపునొప్పి వస్తుందని, ఫలితాన్నే కారణంగా రాసేస్తున్నారని నాకు తట్టలేదు. కొన్నేళ్లకు పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ జిల్లాకే వచ్చి ఆ ఒక్క మాట పట్టుకుని లాగారు. అప్పుల లెక్క బయటపడింది. పాసుపుస్తకం తన పేరున లేదు కనుక సేద్యం చేసే ఆడమనిషి చనిపోతే గృహిణి గడిలో పడుతుందని కూడా ఆయన చూపించారు. ఆ వ్యాసం చదివిన రాత్రి ఆ అర్జీ కోసం ఇల్లంతా వెతికాను. దొరికింది. ఆమె ఊరికి వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. బెంగళూరు పనికి పోయారన్నారు.

ఆ అర్జీ నకలు ఇప్పుడు ఈ ఫైల్లో ఉంది. పేర్లు తుడిచి నిర్వాహకులకు ఇస్తున్నాను. నేను రాసిన మూడు లైన్లు మాత్రం నా దగ్గర లేవు. నేను వెళ్లిన గ్రంథాలయాల్లో ప్రధాన సంచికలు బైండు చేసి ఉంచారు, జిల్లా టాబ్లాయిడ్లు ఉంచలేదు. 1989 తర్వాతి జిల్లా పేజీలు మీ ఊళ్లలో, పాత ఏజెంట్ల అటకల మీద, రిటైరైన విలేకరుల ట్రంకుపెట్టెల్లో ఎక్కడున్నా సేకరించమని పరిశోధక విద్యార్థులను అడుగుతున్నాను. అనంతపురం పేజీలు దొరికితే ‘కడుపునొప్పి’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, ఏ ఊరి డేట్‌లైనుతో వచ్చిందో రాసుకోండి. నేను రాసినవి కూడా అందులో ఉంటాయి.