విమాన విద్యకు పిలుపు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి పత్రికలలో విమానపు బొమ్మలు విరివిగా కనిపించును. తెల్లని చొక్కా, భుజములపై పసిడి చారలు, వెనుక నీలాకాశము, బి.యస్‌సి. ఏవియేషనులో చేరుడని క్రింద పిలుపు. పిల్లలను ఈ విద్యకు పిలుచుట మంచిదే. విమానములు పెరుగుచున్న దేశమునకు వానిని నడుపువారు కావలెను గదా! కాని చెప్పవలసిన మాటలు కొన్ని ఆ పిలుపులో చెప్పకుండనే మిగిలిపోవుచున్నవని మాకు తోచుచున్నది.

అందు మొదటిది: డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. డిగ్రీని విశ్వవిద్యాలయ మిచ్చును. లైసెన్సును ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయ మిచ్చును. జీతమునకు విమానము నడుపవలెనన్న కమర్షియల్ పైలట్ లైసెన్సు తప్పనిసరి. దానికి 18 ఏండ్లు నిండవలెను. 200 గంటలు ఆకాశమున విమానము నడిపి యుండవలెను. నావిగేషను, వాతావరణ శాస్త్రము, విమానయాన నిబంధనలు మొదలగు పరీక్షలు గట్టెక్కవలెను. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక శాస్త్రములు చదివి యుండవలెననునది చాలకాలముగా నున్న నియమము. దానిని సడలింపవలెనను ప్రతిపాదన 2025లో వినవచ్చినది. ఆ 200 గంటలు పూర్తికాని వాడు మొదటి శ్రేణిలో పట్టము పుచ్చుకొన్నను ప్రయాణికుల సీటులోనే కూర్చుండవలెను.

వైద్య పరీక్ష మాట మరియొకటి. క్లాస్ వన్ వైద్య పరీక్షలో నెగ్గనిదే ఆ లైసెన్సు రాదు. కళ్ళజోడు ఉన్నంత మాత్రమున భయపడ నక్కరలేదు. రంగులను గుర్తుపట్టు శక్తిలో లోపము మాత్రము పెద్ద అడ్డంకి; అట్టి లోపమున్నట్లు చాలమందికి ఇంటిలో నెవ్వరికిని తెలియనే తెలియదు. మొదట రుసుము కట్టించుకొని, తరువాత నెప్పుడో వైద్యుని యొద్దకు పంపుట ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లుండును. దరఖాస్తు ఫారముతోపాటే ఈ సంగతి చెప్పుట కళాశాలకు ధర్మము.

ఇక ధనము. 200 గంటల శిక్షణకు నేడు అర కోటి రూపాయల చుట్టుప్రక్కల వ్యయమగును. మధ్యతరగతి కుటుంబమునకు అది ఇల్లు తాకట్టు; రైతునకు పొలము. లైసెన్సు వచ్చిన పిదప, పెద్ద విమానము నడుపుటకు ఆ రకపు విమానముపై వేరుగా శిక్షణ పొందవలెను; ఆ ఖర్చు తరచుగా అభ్యర్థిపైననే పడును. ఉద్యోగములో, నదిలోని నీటివలె ఒక యేడు పొంగును, ఒక యేడు ఇంకును. 2019 ఏప్రిలులో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినది. 2020లో కోవిడ్ మూలమున దేశీయ ప్రయాణికుల విమానములు రెండు నెలలు నేలపై నిలిచినవి. 2023 మేలో గో ఫస్ట్ నిలిచిపోయినది. అదే యేట ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానములకు ఆర్డర్లు పెట్టినవి. ప్రకటనలలో ఈ కడపటి సంగతియే కనిపించును. తక్కినవియు తెలిసిన తండ్రి, అప్పు ఎంతవరకు చేయవచ్చునో తూచి చూచుకొనును.

పైలట్ కాలేనివారికి విమానాశ్రయపు ద్వారము మూతపడదు. భౌతిక, గణితములతో బి.యస్‌సి. గాని, ఇంజనీరింగు గాని చదివినవారు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు ఉద్యోగమునకై ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి పోటీ పరీక్ష వ్రాయవచ్చును. ఇక్కడ డిగ్రీయే అక్కరకు వచ్చును.

ఆడపిల్లల మాట కూడ చెప్పవలెను. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకొన్నది మన హైదరాబాదు కేంద్రముగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్. పైలట్లలో స్త్రీల పాలు ప్రపంచపు సగటుకంటె మన దేశమున నెక్కువ. అయినను విద్యార్థులను వెదకుచు వచ్చువారు జిల్లాలలోని బాలికల జూనియర్ కళాశాలలకు అరుదుగా పోవుదురు. ఎం.పి.సి. తరగతిలో లెక్కలలో ముందున్న పిల్ల అక్కడనే కూర్చుండి యున్నది.

కళాశాలకు పోయినపుడు తల్లిదండ్రులు భవనమును చూచి తృప్తి పడక, మూడు ప్రశ్నలు అడుగవలెనని మా కోరిక. శిక్షణ విమానములు ఎన్ని, అందు నేడు ఎగురుచున్నవి ఎన్ని? నేర్పు గురువులు ఎందరు? మూడేండ్ల క్రిందట చేరినవారిలో 200 గంటలు పూర్తిచేసినవారు ఎందరు? జవాబు కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుటలో తప్పు లేదు.