సాక్షి సంతకం – సత్యవాక్కు
(ధమ్మచక్ర ప్రవర్తన దినం సభలో చేసిన ప్రసంగం)



1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ బౌద్ధ దీక్ష తీసుకున్నారు. తన వెంట నడిచిన లక్షలాది మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. అబద్ధమాడనన్నది వాటిలో ఒకటి. పంచశీలలో అది నాలుగోది.

బుద్ధుడు దీన్ని కొడుకు రాహులుడికి ఎలా నేర్పాడు? కాళ్లు కడుక్కున్న పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపించాడు. తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి సాధన ఇంతేనన్నాడు. ఆ నీళ్లూ పారబోసి, పాత్ర బోర్లించి, మళ్లీ ఎత్తి దాని ఖాళీ చూపించాడు. నవ్వులాటకైనా అబద్ధం వద్దన్నాడు.

మనకు ఈ శీలం పరీక్షకొచ్చేది సాంచా దగ్గర తోటివాడి వేలు తెగిన రోజున. తప్పంతా అతనిదేనని రాసిన కాగితం మీద సాక్షి సంతకం అడుగుతారు. పళ్లచక్రాలకు మూత లేదని మనకు తెలుసు. సంతకం పెడితే పోయేది అతని పిల్లల నోటి కూడు.

ఈ నియమం యజమాని ముందే కాదు, మన సంఘంలోనూ ఉండాలి. గేటు మీటింగుకు యాభై మంది వస్తే ఐదొందలనవద్దు. ఒప్పందంలో రానిది వచ్చిందని సభ్యులకు చెప్పవద్దు.

నిజాన్ని కూడా మేలు కోరి, సమయమెరిగి చెప్పాలన్నది బుద్ధుని బోధ. కాబట్టి భయపడిన సాక్షిని నలుగురిలో నిలదీయవద్దు. అతని పక్కన కూర్చుందాం, విచారణకు వెంట వెళదాం. చూసింది చూసినట్టు చెబుదాం. చూడనిది చూశామనవద్దు.

జై భీమ్! కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!